రోడ్డు పక్కన అడ్డుతెర

న్యూయార్క్‌లో జంట టవర్లు కూలి నెల దాటిందో లేదో దసరా వచ్చింది. తలపాగా కనిపిస్తే చాలు, జనం గుడ్లురుముతున్న రోజులు. డాక్టర్ ఆండాళ్‌కి అది తెలియక కాదు. అయినా బొమ్మల కొలువు పేరంటానికి పక్కింటి గుర్‌దీప్ సింగ్ కార్లోనే బయల్దేరింది. వెనక సీట్లో భర్త మూర్తి, ఒళ్ళో పేరంటంలో పెట్టడానికి కొన్న కొత్త పట్టుచీర.

న్యూజెర్సీ దారిలో పోలీసు కారు ఆపాడు. గుర్‌దీప్‌ని దింపి, తలపాగా తీసి కారు మీద పెట్టమన్నాడు.

గుర్‌దీప్ ముఖం పాలిపోయింది. "వెతుక్కోండి, కాదనను. నడిరోడ్డు మీద మాత్రం తియ్యను. ఏదైనా గదిలో నా చేత్తో నేనే తీస్తాను."

"ఇక్కడే!" పోలీసు సంకెళ్ళు బయటికి తీశాడు. పోయే కార్లు నెమ్మదించి చూస్తున్నాయి. ఎవడో ఈల వేశాడు.

ఆండాళ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊరుకో ఆండాళ్, ప్లీజ్. మనకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు మూర్తి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ మీటింగులోనూ నోరు విప్పని మహానుభావుడు.

"మీకు బైపాస్ అయినప్పుడు ఆయన హాస్పిటల్లోనే పడున్నాడే, మనకెందుకని వెళ్ళిపోయాడా? ఆ చీర ఇటివ్వండి. దిగండి!"

కార్లోనే ఉండమని పోలీసు అరిచాడు. ఆవిడ చేతులు పైకెత్తి, ఆ చేతుల్లో చీరతోనే దిగింది. పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు ఒక అంచు తను పట్టుకుని, రెండోది వెనకే దిగిన మూర్తి చేతికిచ్చింది. ఇటు చీర, అటు కారు.

"ఆఫీసర్, గది రెడీ," అంది ఇంగ్లీషులో.

పోలీసు ఆవిడ నెరిసిన జుట్టునీ పట్టుచీరనీ మార్చి మార్చి చూశాడు. సంకెళ్ళు నడుముకు తగిలించి చీర చాటుకి వెళ్ళాడు. గుర్‌దీప్ తన చేత్తోనే తలపాగా విప్పాడు. లోపల జుట్టు ముడి, అందులో చిన్న కొయ్య దువ్వెన. అంతే.

"క్షమించండి. వెళ్ళొచ్చు," అన్నాడు పోలీసు, గొంతు తగ్గించి.

వెళ్ళడమెలా? అంత పొడుగు గుడ్డ మడిచి చుట్టాలంటే రెండో కొస ఇంకొకరు పట్టాలి. ఇంట్లోనైతే భార్య పడుతుంది. ఇక్కడ మొగుడూ పెళ్ళాం చీర వదిలితే తెర పడిపోతుంది. గుర్‌దీప్ ఆ కొసను పోలీసు వైపే చాచాడు.

పోలీసు తటపటాయించాడు. తర్వాత గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుని, కొస అందుకున్నాడు.

"కాస్త గట్టిగా లాగి పట్టండి," అన్నాడు గుర్‌దీప్.

ఆండాళ్‌కి కళ్ళు నిండాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.