ముందు తుడిచిన పలచని మందు

నాలుగింటికి మీటింగ్. మా వదిన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుతుంది. ఊడగొట్టే కాగితం రాసింది నేనే.

ఆసుపత్రి ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్షలు నా పని. కాలిన గాయాల వార్డు శుభ్రం చేయడం వదిన పని, అంటే మా ఆయన అక్కగారిది. మూడు వారాలుగా ఆ వార్డు మంచాల మీద ఒకే బ్యాక్టీరియా దొరుకుతోంది. ల్యాబ్‌లో క్రిములను చంపే పెరాక్సైడ్ మందు పోస్తే నిమిషాల్లో చస్తోంది, వార్డులో మాత్రం నిక్షేపంగా బతుకుతోంది. అందుకే "మందు సరిగా వాడటం లేదు" అని రాసిపడేశాను. చుట్టరికం చూసుకోలేదని పొంగిపోయాను కూడా.

రెండున్నరకు వదిన ల్యాబ్ గుమ్మంలో నిలబడింది.

"నా మొహం చూసి చెప్పు. నేను మందు ఎగ్గొట్టానా?"

"పరీక్షలో అలాగే వచ్చింది వదినా."

"నీ పరీక్ష సంగతి తర్వాత. ముందొచ్చి నేను తుడవడం చూడు."

ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. ఖాళీ మంచం దగ్గర బకెట్ నీళ్ళలో మందు ఒక్క మూత కలిపి మంచమంతా తుడిచింది. ఇరవై నిమిషాలు ఆగింది. అప్పుడు అసలు మందు, చిక్కగా, సీసా మీద రాసినట్టే, ఒక్క చుక్క తగ్గకుండా వేసింది.

ఆ మొదటి తుడుపు దగ్గరే తిరకాసు ఉందని తట్టింది. ఈ బ్యాక్టీరియాలో కాపలాదారు లాంటి ప్రోటీన్ ఒకటుంటుంది. కాస్త పెరాక్సైడ్ తగిలితే చాలు, అది మేలుకుని కొన్ని జన్యువులను తట్టి లేపుతుంది. అవి ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేయిస్తాయి. అందుకు ఇరవై నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.

ల్యాబ్‌కు పరిగెత్తాను. మూడుంబావు. వార్డు బ్యాక్టీరియాను రెండు గొట్టాల్లో పోసి, ఒకదానికి పలచని మందు, ఒకదానికి ఉత్త నీళ్ళు కలిపాను. స్టూలు చూపించినా వదిన కూర్చోలేదు. గడియారం వంక చూడాలంటే భయమేసింది. ఇరవై నిమిషాలయ్యాక రెండింట్లోనూ చిక్కటి మందు వేశాను.

నీళ్ళ గొట్టంలో నాలుగు బుడగలు. రెండోదాంట్లో నురుగు పొంగి నా చేతి మీదకు కారింది.

"ఏమైంది?" వదిన గొట్టాల మీదకు వంగింది.

"మందు విరిగిపోతోంది. నువ్వు పలచగా తుడిచినప్పుడే ఆ క్రిములు సిద్ధమైపోతున్నాయి. ఆ తర్వాత ఎంత వేసినా దండగే. నీ తప్పేం లేదు వదినా! అసలు ముందు పలచగా తుడవమని ఎవరు చెప్పారు నీకు? వాళ్ళ పని పడతాను."

వదిన నా వంక అదోలా చూసింది.

"నెల కిందట, మందు ఘాటుకి దగ్గొస్తోందని నీతో అన్నానా? ముందు పలచగా తుడిస్తే మురికి పోతుంది, చిక్కది ఎక్కువసేపు రుద్దక్కర్లేదు అన్నావు. మర్చిపోయావా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఆ మాట ఇందాకే ఎందుకు చెప్పలేదు?"

"చదువుకున్నదానివి, నువ్వు చెప్పింది తప్పవుతుందని నేనెందుకు అనుకుంటాను?"

నాలుగుకు ఇంకా పది నిమిషాలే ఉంది. కాగితంలో వదిన పేరు కొట్టేసి, ఆ పైన నా పేరు రాశాను. వదినను బయట కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను.