ఆ పరుగు ఎవరిది

1879 వేసవిలో యూటికా పట్టణపు బేస్‌బాల్ జట్టులో ఫింటన్ కియో నాలుగోవాడిగా బ్యాటు పట్టేవాడు. దెబ్బ గట్టిది, కాళ్ళు మాత్రం బరువు. అతను కొట్టిన బంతికి ముందున్నవాళ్ళు మైదానం చుట్టూ ఉన్న మూడు బేసులూ దాటి, బయల్దేరిన చోటైన హోం చేరేవారు. తను సగం దారిలో ఆగిపోయేవాడు. హోం తాకినవాడిదే పరుగు, వాడిదే పేరు. ఆ పేరు ఎప్పుడూ ఏసా విట్లాక్‌ది. లేడిలా ఉరికే ఏసాని చూడ్డానికి జనం మిల్లు పని ఎగ్గొట్టి వచ్చేవారు.

జూలైలో, పత్రికలో ఆటల సంగతులు రాసే ప్రెంటిస్ కొత్త పట్టిక ఒకటి వేశాడు. ఎవరి దెబ్బకి ఎన్ని పరుగులు వచ్చాయన్నది అందులో లెక్క. అందరికన్నా పైన ఫింటన్ పేరు, పక్కన అరవై ఒకటి. ఏసా ఎక్కడో అడుగున ఉన్నాడు.

ఫింటన్ రెండుసార్లు చదివి, పత్రికను భార్య హొనోరా చేతికిచ్చాడు.

"ఇవి నేను చేసిన పరుగులు కావే."

"మరి నీ పేరెందుకు వేశారు?"

"అదే తెలీట్లేదు."

మైదానంలో ఏసా ఊరుకోలేదు. "ఏరా ఫింటన్, రొప్పుతూ పరిగెత్తేది నేను, పేరు నీకా?"

"వాడు కొట్టకపోతే నువ్వెక్కడికి పరిగెత్తేవాడివిరా?" అన్నాడు కెప్టెన్ డోర్సీ నవ్వుతూ.

ఫింటన్‌కి రెండు మాటలూ నిజమే అనిపించాయి. అప్పటిదాకా బంతినొక్కదాన్నే చూసినవాడు, ఆ రోజు నుంచి ఏ బేసు మీద ఎవరున్నారో చూడసాగాడు. దెబ్బలు గురితప్పాయి.

ఆగస్టులో ఆల్బనీ జట్టుతో ఆట. చివరి వంతులో యూటికా ఒక్క పరుగు వెనకబడి ఉంది. అప్పటికే ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఆట ముగిసినట్టే. మూడో బేసు మీద ఏసా, బ్యాటు పట్టి ఫింటన్. బంతి తగలగానే కంచె దాకా వెళ్ళింది. ఫింటన్ తల వంచుకుని పరిగెత్తాడు. ఒకటి, రెండు, మూడు దాకా వచ్చేసరికి అక్కడ ఏసా ఇంకా నిలబడే ఉన్నాడు!

"ఇక్కడేం చేస్తున్నావురా? పో!"

ఏసా కదల్లేదు. బంతి వెనక్కొచ్చింది. ఒకే బేసు మీదున్న ఇద్దరికీ ఆల్బనీవాళ్ళు దాన్ని తాకించారు. ముందు వచ్చినవాడిదే బేసు కాబట్టి ఫింటన్ అవుటన్నాడు అంపైర్. ఆట పోయింది.

కెప్టెన్ ఏసా చొక్కా పట్టుకున్నాడు. "ఎందుకాగావురా?"

"తెలీదు కెప్టెన్. ఈ పరుగూ వీడి పేరు మీదే పడుతుంది కదా అనుకున్నాను. అంతే. తర్వాత కాళ్ళు రాలేదు." ఏసా ముఖం పాలిపోయింది.

కోప్పడదామనుకున్న ఫింటన్‌కి కోపం రాలేదు. వీడు కావాలని ఆగాడా, లేక నిజంగానే కాళ్ళు రాలేదా? ఎంత చూసినా తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు ప్రెంటిస్ దగ్గరికెళ్ళాడు. "ఆ పట్టిక తీసేయండి సార్."

"అర్థం కావట్లేదని పాఠకులూ రాస్తున్నారు, తీసేస్తాను. కానీ కియో, నీ విలువ కనిపించేది అందులోనేనయ్యా."

"అయితే ఆ పరుగు నాదా, వాడిదా?"

ప్రెంటిస్ పెన్సిలుతో పట్టిక మీద అడ్డంగా గీత గీశాడు. "నిన్నటిది ఎవరిదీ కాదు. మిగతావి... నన్నడక్కు."

తర్వాతి ఆటలో ఫింటన్ దెబ్బకి ఏసా ఆగకుండా హోం చేరాడు. జనం ఏసా, ఏసా అని అరిచారు. ఆ గోలలో ఎవరో "కియో!" అన్నట్టు వినిపించింది. మొదటి బేసు మీద ఫింటన్ టోపీ ఎత్తబోయి, తననేనా కాదా అని అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాడు.