భ్రమరాంబగారి జలాపహరణచక్రము

శ్రావణమేఘములు రాజమహేంద్రవరమును తొమ్మిదిదినములుగా విడువక తడుపుచుండగా మేడలపై తీగల వ్రేలాడు వస్త్రము లారుట మఱచి ముక్కవాసన గొట్టుచుండగా ఒకానొక మూడవయంతస్తు పాకశాలయందు అరువదియెనిమిదేండ్ల సోమయాజులుగారు ధవళవర్ణ ప్లాస్టికుపాత్ర యొకదాని యెదుట యజ్ఞవేదికకడ ఋత్వికునివలె గంభీరముగా కూర్చుండిరి.

ఆ పాత్ర సలాడ్ స్పిన్నరు. పచ్చియాకులు భుజించువారికై పుట్టిన యా చక్రమును ఆయన ధర్మపత్ని భ్రమరాంబగారు పదునొకండేండ్ల క్రిందట ఎగ్జిబిషనులో కొని, ఒక్కనాడైనను సలాడు చేయక, కడిగిన కొత్తిమీరను నానిన బియ్యమును పొట్టుదీసిన మినపపప్పును, ముఖ్యముగా నిలువపచ్చడి గోంగూరను అందు త్రిప్పి నీరోడ్చుచుండెడివారు.

“వంటింట్లో రంగులరాట్నమేమిటే!” యని నవ్వి భర్తగారు హాలునకు మరలిపోవుచుండిరి.

“మీ వెటకారం తప్ప అన్నీ ఆరతాయి లెండి ఇందులో” అని యామె పిడి త్రిప్పుచుండెడివారు.

వైశాఖమున నామె గతించిరి. ఆషాఢాంతమున నామె చేతి గోంగూరజాడీ యడుగంటెను. ఆ రుచి తన యింట లుప్తము కారాదని ప్రతినబూనిన సోమయాజులుగారు ఆకు కడిగి చక్రమున ముమ్మాఱు త్రిప్పి నూనెలో వేయించి జాడీ నింపిరి. ఎనిమిదవనాడు మూత దీయగా తెల్లని బూజు దర్శనమిచ్చెను. మరణవార్తను రెండవమాఱు విన్నవానివలె ఆయన నిలువబడిపోయిరి.

ఎదురింటి మంగతాయారు వచ్చి జాడీలోనికి తొంగిచూచెను.

“తిప్పేక చీర మీద ఆరబెట్టేరా, బాబాయిగారూ?”

“చీరేమిటమ్మా?”

“అయ్యో రామ! అది పైనీళ్లే కదండీ లాగేది. పిన్నిగారు పాతచీర పరిచి, ఫ్యాను కింద రోజంతా వదిలేసేవారు. మీరెప్పుడూ చూళ్లేదా?”

చూడలేదు. చక్రము తిరుగువఱకే చూచి నవ్వి హాలునకు పోయిరి గదా.

తక్కిన చీరలన్నియు బంధువులకు పంచిపెట్టబడగా, వంటింటి యలమరలో దొరకిన నీలపుచీర నొక్కదానిని ఆయన తలగడక్రింద దాచుకొని, భార్యాపరిమళము పోవునను భయమున మడత విప్పక, దినదినము మూర్కొని కన్నీరు విడుచుచుండిరి. నేడు మరల గోంగూర తెచ్చి త్రిప్పి, ఆ మడత యెదుట బహుసేపు తటపటాయించి, కడకు విప్పిరి. చీర నిండ ఆకుల యాకారమున గోధుమవన్నె మరకలు! తాను మూడునెలలుగా మూర్కొని యేడ్చినది గోంగూర పులుపువాసన యని అప్పుడు తెలిసెను. అది యామె వాసన కాదని మాత్రము ఆయనకు తోచలేదు.

అయిదువ్రేళ్ల యరచేతులవంటి యా మరకలపై ఒక్కొక్క యాకును చేతిమీద చేయి యుంచినట్లు ఆయన పరచిరి.

చక్రవేగము పైనంటిన నీటినే హరించును. లోనింకినది యారుటకు కాలము వలయును. ఫ్యాను మెల్లగా తిరుగుచుండెను. తెచ్చిన యాకు చాలక మిగిలిన మరకలు కొన్ని రిక్తహస్తములవలె చీరపై చాచుకొనియుండెను.