గోదాము నిండా గడ్డి

గడ్డి గోదాము నిండుగా ఉంది. దాని ముందు చచ్చిపడిన ఎవరిదో ఆవును ఈగలు ముసురుకున్నాయి. ఈ రెండింటినీ ఒక్క చూపులో చూసి కూడా కడుపులో తిప్పలేదంటే వాడు మనిషైనా కాకపోవాలి, కమిటీ మెంబరైనా అయి ఉండాలి.

చిన్నకోడలికి మాత్రం రోజూ తిప్పుతూనే ఉంది. గోదాము తాళం ఆడవాళ్ల చేతిలో ఉండాలని దాన్ని కట్టించిన ప్రాజెక్టువాళ్లు షరతు పెట్టడంతో అది ఆమెకు అప్పగించారు. తలుపు తియ్యమని చెప్పాల్సింది మాత్రం కమిటీ ప్రెసిడెంటు. ఆయన ఆమె భర్తకు స్వయానా అన్న. అంటే కాపలా కోడలిది, పెత్తనం బావగారిది.

కరువొస్తే పశువులకు మేత ఉండాలని కట్టిన గోదాము అది. వానలు పడ్డ ఏడాది ఊరంతా కలిసి గడ్డి కోసింది. ప్రాజెక్టు సారు చూడడానికి వస్తున్నాడని తెలిసి, ఆరీ ఆరని పచ్చిగడ్డినే మోపులు కట్టి హడావిడిగా లోపల కూరారు. సారు మురిసిపోయాడు.

"మేం వెళ్లిపోయాక కూడా దీన్ని మీరే నడుపుకోవాలి. మళ్లీ వచ్చి చూస్తాం. ఖాళీగా కనిపించిందా, మీ వల్ల కాలేదనుకుంటాం. నిండుగా ఉంటే నీళ్లతొట్టి కూడా కట్టిస్తాం" అన్నాడు.

బావగారు ఆ మాటను నెత్తిన పెట్టుకున్నాడు. కరువు రానే వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆమె భర్త మందను తోలుకుని మేత వెతుక్కుంటూ దూరం పోయాడు. అంత దూరం నడవలేని చూడి ఆవొక్కటే ఇంటి దగ్గర మిగిలింది. అది ఈనితేనే ఆ ఇంట్లో పాలచుక్క. దాని డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. పొద్దున దాన్ని లేపడానికి ఆమె, అత్త చెరో వైపు పట్టుకోవాల్సి వస్తోంది.

"బావగారూ, రెండు మోపులు ఇప్పించండి. కడుపుతో ఉంది, ఇక నిలబడలేదు" అని ఆమె బతిమాలింది.

"ఇన్నాళ్లు ఓపిక పట్టాం కదమ్మా. సారు వచ్చి చూసి వెళ్లనీ, తర్వాత అంతా మీదే."

"ఎప్పుడొస్తాడు?"

"వస్తాడు. ఏదో మీటింగట."

పోయిన నెలా మీటింగే. కరువు కోసం దాచిన గడ్డిని కరువు నుంచి కాపాడుతున్న ఈ మహానుభావుణ్ణి చూస్తే ఆమెకు నవ్వు రావాలి. వాంతి వచ్చినంత పనైంది.

చివరికి సారు జీపు దిగాడు. బావగారు ఉతికిన చొక్కా తొడుక్కుని ఎదురెళ్లాడు. ఆమె కూడా ఆవును మెల్లగా నడిపించుకుంటూ గోదాము దగ్గరికి వచ్చింది. సారు చూడడం అయిన మరుక్షణం దాని నోటికి అందించాలని ఆశ.

తలుపు తీసింది. ముందు వరస మోపులు బాగానే ఉన్నాయి. ఒకటి లాగేసరికి వెనక నుంచి ముక్కు బద్దలయ్యే కంపు కొట్టింది. ఊరంతా పశువుల కళేబరాలే కావడంతో, ఇన్నాళ్లూ ఏ కంపు ఎక్కడిదో ఎవరూ పట్టించుకోలేదు. వెనక మోపులన్నీ నల్లగా, జిగురుగా, బూజుపట్టి ముద్దలైపోయాయి. వేళ్లకు అంటుకున్నది ఎంత తుడిచినా పోలేదు. ఆవు ఆత్రంగా మూతి చాచింది, వాసన చూసింది, తల తిప్పేసుకుంది.

ఆకలితో చస్తున్న పశువు కూడా వద్దన్న మేత కోసమా ఇన్ని ప్రాణాలు పోయింది! ఆమెకు బావగారి మీద, సారు మీద, నోరు మూసుకుని ఇన్నాళ్లు తాళం కాసిన తన మీద కూడా ఒళ్లంతా రోత పుట్టింది.

సారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ముందు వరస బాగుంది కదా. అది కనిపించేలా ఫోటో తీసుకుందాం" అన్నాడు.

ఆమె ముందు వరసలోంచి మోపు తీసి ఆవు ముందు వేసింది. తర్వాత ఇంకోటి లాగింది.

"అవి తియ్యకు! కనిపించేవి అవే!" అని బావగారు అరిచాడు.

ఆవు తింటోంది. మిగతా ఆడవాళ్లు కూడా తమ పశువులను తోలుకొచ్చారు.

"నాలుగు మోపులైనా ఉంచమ్మా, ఫోటోకి" అన్నాడు సారు.

"వెనక బోలెడున్నాయి సార్. రండి, వాటి పక్కన నిలబడండి, ఫోటో తీసుకుందురు" అంది ఆమె.

సారు గడప దాటలేదు. కాసేపటికి జీపెక్కి వెళ్లిపోయాడు. నీళ్లతొట్టి ఊసు ఎత్తలేదు.

ముందు వరస కరిగిపోతూ వచ్చింది. ఆఖరి మోపు చేతిలోకి తీసుకుని ఆమె వెనక్కి తిరిగేసరికి, ఎదురుగా బావగారు. చేతిలో తన ఎద్దు పగ్గం. చూపులు నేల మీద.

"దానికీ... ఒకటి" అన్నాడు.

మొహాన ఉమ్మెయ్యాలన్నంత అసహ్యం వేసింది ఆమెకు. నోట్లో ఉమ్మి మింగేసి, మోపును ఎద్దు ముందు వేసింది. ఎద్దేం చేసింది, పాపం.