తొట్టెలోకి మందు

ఇమ్మానుయేలు మందు మానేసి నాలుగేళ్ళయింది. మానడం అంటే డాక్టరు భయపెడితే తగ్గించడం కాదు. పర్చూరు చర్చిలో మైకు పట్టుకుని, సంఘమంతా వింటుండగా సాక్ష్యం చెప్పి మానడం. అలా మానినవాడికి ఒక చిక్కుంది, ఊరంతా అతని నోటికి కాపలా కాస్తుంది. జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు కాబట్టి పత్తి దుమ్ముకి కళ్ళు ఎర్రబడటం మామూలే. అయినా ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి మరీ పలకరించేవాళ్ళు.

అసలు చిక్కు వాళ్ళతో కాదు, సాయంత్రాలతో. మిల్లు నుంచి వచ్చి స్నానం చేశాక చేతులకి పని ఉండేది కాదు. ఆ ఖాళీలోకి వచ్చింది సముద్రపు తొట్టె. ముందుగదిలో టీవీ పక్కన, బియ్యం డబ్బాకన్నా కాస్త పెద్దది. వాడరేవు నుంచి క్యాన్లలో ఉప్పునీళ్ళు తెచ్చి, రాళ్ళు పేర్చి, గుంటూరులో అక్వేరియం కొట్టు నడిపే ఖాదర్ వలి దగ్గర ప్రాణమున్న మెత్తటి పగడాలు కొని వాటికి అంటించాడు, నాలుగు చిన్న చేపలూ వదిలాడు. పగడాలు చొక్కా గుండీలంత ఉంటాయి ఒక్కొక్కటి. లైటు వేస్తే విచ్చుకునేవి, ఆర్పితే ముడుచుకునేవి. వాటి ముందు కూర్చుంటే పొద్దు ఎలా పోయేదో తెలిసేది కాదు. సారా కొట్టు మాట గుర్తొచ్చేలోపే నిద్ర ముంచుకొచ్చేది. భార్య రెబెకాకి చేపల మీద ప్రేమేం లేదు గానీ, ఆ తొట్టె తినే కరెంటు గురించి ఒక్కనాడూ సణగలేదు. ఆ నీళ్ళే మొగుణ్ణి ఇంట్లో ఉంచుతున్నాయని ఆమెకి తెలుసు.

అలాంటి తొట్టెకి జబ్బు చేసింది. రాళ్ళకి గోధుమరంగు జిగురు పట్టింది. పగడాలు విచ్చుకోవడం మానేశాయి. నీళ్ళు గొట్టంలో పోసి పరీక్ష చుక్కలు వేస్తే పండు మిరపకాయ రంగు తిరిగింది. నైట్రేటు! చేపల మలమూ, తినగా మిగిలిన మేతా కుళ్ళి కుళ్ళి చివరికి తేలేది అదే. "మా బావమరిది మిరపతోటకి బస్తాలకి బస్తాలు కొని చల్లే ఎరువుని నా తొట్టె ఊరికే పండిస్తోందిరా" అని మిల్లులో నవ్వుతూనే చెప్పాడు. లోపల మాత్రం నవ్వు లేదు. తొట్టె చస్తే సాయంత్రాలు మళ్ళీ ఖాళీ అవుతాయి. ఖాళీ అయితే తన కాళ్ళు ఎటు నడుస్తాయో అతనికి బాగా తెలుసు.

మొదట స్పాంజి ఫిల్టరుని అనుమానించాడు. అనుమానం నిజమే. స్పాంజి చెత్తను పట్టుకుంటుంది, పట్టుకున్నది అందులోనే కుళ్ళుతుంది. నీళ్ళు తేటగానే కనిపిస్తాయి, నైట్రేటు పెరుగుతూనే ఉంటుంది. దాన్ని తీసేసి, సగం నీళ్ళు మార్చాడు. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కింది. సముద్రపు పాచి నైట్రేటుని తాగి పెరుగుతుందని విని, వాడరేవులో రాళ్ళ మీది పాచి తెచ్చి తొట్టె వెనక అరలో వేశాడు. ఆ ఇరుకులో వెలుతురు చాలక అదీ కుళ్ళి, ఉన్న రోగానికి తోడైంది. మురికిని నురగ కట్టించి బయటికి లాగే యంత్రం ఒకటుంది గానీ, అంత చిన్న తొట్టెలో దాన్ని పెట్టడానికి చోటేదీ? చివరికి గుంటూరు బస్సెక్కాడు.

ఖాదర్ వలి అంతా విని, గడ్డం నిమురుకుని, "మందు వెయ్యండి సార్" అన్నాడు.

"ఏ మందు? పురుగుమందుల కొట్లో దొరుకుతుందా, మెడికల్ షాపులోనా?"

"మందేనండీ. వోడ్కా."

ఇమ్మానుయేలు వెనక్కి తిరిగి చూశాడు, పర్చూరువాళ్ళెవరైనా వింటున్నారేమోనని.

"నవ్వులాటకి కాదు సార్. నేను ముట్టను, మా ఇంటా వంటా లేదు. తొట్టెలో మంచి క్రిములుంటాయి కదా, వాటికి రోజూ కాసిని చుక్కలు పోస్తే బలిసి నైట్రేటుని తినేస్తాయి. ఇక అవే మీ ఫిల్టరు. గాలి బుడగలు మాత్రం బాగా పెట్టండి. ఒక్కసారే ఎక్కువ పోశారంటే గాలాడక చేపలు చస్తాయి."

ఇంకో దారి లేదా అని అడగాల్సింది. అడిగితే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలంటే పాత కథంతా విప్పాలి. చర్చిలో అందరి ముందూ విప్పినవాడికి ఒక్క కొట్టువాడి ముందు నోరు రాలేదు. తలూపి వచ్చేశాడు.

మొహం తెలిసినవాళ్ళు ఉండరని చీరాల దాకా పోయి సీసా కొన్నాడు. తెచ్చి దాచలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి రెబెకా ముందు పెట్టి సంగతంతా చెప్పాడు.

ఆమె కత్తిపీట మీద నుంచి లేవలేదు. "మందు మళ్ళీ ఇంటికి తెచ్చారు" అంది.

"నాక్కాదు. తొట్టెకి."

"తొట్టెకని ఆ సీసాకి తెలుసా?"

"అవి చచ్చిపోతున్నాయి రెబెకా. అవి పోతే నేనేమైపోతానో అని భయమేస్తోంది" అన్నాడు. పెళ్ళయ్యాక అతని నోటి నుంచి భయమనే మాట ఆమె వినడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని సీసా అందుకుంది.

"బీరువాలో పెడతా. నేనే పోస్తా. పోసేటప్పుడు మీరు ఇంట్లో ఉండకూడదు. వాసన కూడా తగలకూడదు మీకు."

మోతాదు కనుక్కుంటానని ఖాదర్ వలి ఫోను నంబరు కూడా తీసుకుంది.

అప్పటినుంచి సాయంత్రమయ్యేసరికి ఇమ్మానుయేలు వెళ్ళి వీధి అరుగు మీద కూర్చునేవాడు. లోపల బీరువా తలుపు కిర్రుమనేది. చెవులు ఆ చప్పుడు మీదే ఉండేవి. సిరంజితో కొలిచి పోసేదేమో, మళ్ళీ కిర్రుమనేది. "రండి" అని పిలుపొచ్చేది. మొదట్లో ఏ మార్పూ లేదు. తరవాత నీళ్ళు పాలలా తెల్లబడి భయపెట్టాయి, నాలుగు రోజులకి తేరుకున్నాయి. పరీక్ష గొట్టంలో ఎరుపు నారింజకి దిగింది, నారింజ పసుపుకి దిగింది. రాళ్ళ మీద జిగురు ఊడిపోయింది. ఒక ఆదివారం ఉదయం చూస్తే పగడాలన్నీ విచ్చుకుని ఉన్నాయి, ముడుచుకున్నది ఒక్కటీ లేదు.

రెబెకా అప్పటికే చర్చికి వెళ్ళిపోయింది. స్త్రీల సమాజానికి ఆమే కార్యదర్శి. తొట్టె అద్దం తుడిచి వెనకాలే వస్తానని అతను ఆగాడు. తుడుస్తూ తుడుస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ఇన్నాళ్ళ దిగులంతా దిగిపోయి ఒళ్ళు తేలికైంది. అప్పుడు పుట్టింది కోరిక.

అది ఆ దారిన వస్తుందని అతను అనుకోలేదు. బాధలో తాగాలనిపిస్తే ఏం చెయ్యాలో నేర్పారు. మోకరించాలి, పాట అందుకోవాలి, పాస్టరు గారికి ఫోను చెయ్యాలి. సంతోషంలో తాగాలనిపిస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. బీరువా తాళంచెవి టీవీ పక్కన గిన్నెలోనే ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళిందని చెప్పుకోవచ్చు, మనుషులు అలాగే చెప్పుకుంటారు. కాని తాళం తీసింది అతనే, చీరల వెనక వెతికింది అతనే, మూత తిప్పి, గ్లాసు కోసం కూడా ఆగకుండా ఎత్తి గొంతులో పోసుకుంది అతనే.

గొంతు కోసుకుపోయింది. పులుపు ముక్కుల్లోకి ఎక్కింది. నేల మీద కూలబడి కళ్ళ వెంట నీళ్ళు కారేలా దగ్గాడు. ఊపిరి అందాక సీసా వాసన చూశాడు. మందు కాదు. నూడుల్స్ చేసేటప్పుడు కిరాణా కొట్లో కొనుక్కొచ్చే వెనిగరు. ఆ క్షణాన అతనికి ఆ పేరు తట్టలేదు. గుడ్ ఫ్రైడే నాడు ఏటేటా ప్రసంగంలో వినే మాట తట్టింది. చిరక. సిలువ మీద దాహమన్నవాడి నోటికి అందించిన పులుపు.

మధ్యాహ్నం రెబెకా వచ్చేసరికి బీరువా తెరిచే ఉంది. సీసా ఎదురుగా పెట్టుకుని అతను అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టి, వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇది మందు కాదు" అన్నాడు. అన్నాక తెలిసింది, తన తప్పు తనే చెప్పేశానని.

"మందు ఆ రోజే పారబోశా. మా ఆయన తాగుడు మానిన మనిషి, ఇంకేదన్నా ఉంటే చెప్పు బాబూ అని ఖాదర్ వలిని అడిగా. వెనిగరు పోసినా అదే పని చేస్తుందమ్మా, కాకపోతే ఎక్కువ పొయ్యాలి అన్నాడు. మరి సారుకి చెప్పలేదేం అంటే, సారు అడగలేదుగా అన్నాడు."

"నాకు చెప్పకపోయావా?"

"చెప్తే చీరాల బస్సు మీకు తెలియందా?"

"నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మలేదు." రెబెకా కళ్ళు నిండాయి. "నమ్మాలని రోజూ ప్రార్థన చేశానండీ. నావల్ల కాలేదు. తాళంచెవి దాస్తే బయటికెళ్ళి తాగుతారు. అందుకే కనపడేలా పెట్టా. ముట్టిన రోజున మీ నోట్లోకి అదే పోవాలని."

అతను తలెత్తలేకపోయాడు. ఇన్నాళ్ళూ సాయంత్రాలకి తనే కాపలా కాసుకుంటున్నానని మురిసిపోయాడు. కాపలా కాసింది ఎవరో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతోపాటు ఆమె మీద జాలి కూడా కలిగింది.

"పోనీలెండి. తాగింది చిరకేగా. మీ సాక్ష్యం ఎక్కడికీ పోలేదు" అంది ఆమె.

"నేను తాగింది మందే రెబెకా. నోట్లో పడ్డది చిరక."

ఆమె సీసా అందుకుని, మూత బిగించి లేచింది. 

సాయంత్రపు ఆరాధనలో సాక్ష్యాల వేళ ఇమ్మానుయేలు మగవాళ్ళ వైపు నుంచి లేచి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"నాలుగేళ్ళ కిందట ఇక్కడే నిలబడి తాగుడు మానేశానని చెప్పాను."

"స్తోత్రం!" అంది సంఘమంతా. ఎవరు ఏ సాక్ష్యం చెప్పినా మాట మాటకీ అలా అనడం అక్కడి అలవాటు.

"ఆ మాట ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను."

"స్తోత్రం!"

"ఈ ఉదయం మందనుకుని సీసా ఎత్తి తాగాను. అందులో మందు లేకపోవడం నా మంచితనం కాదు."

అలవాటు కొద్దీ కొన్ని నోళ్ళు తెరుచుకుని, సగం మాటలోనే ఆగిపోయాయి. ముందు వరసలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరు గారు తల దించుకున్నారు. ఇంకేం చెప్పాలో తెలియక ఇమ్మానుయేలు మైకు పెట్టేయబోయాడు.

ఆడవాళ్ళ వైపు చాపల మీద నుంచి ఒక గొంతు, వణుకుతూనే, ఆ మాటని పూర్తిగా అంది.

"స్తోత్రం."

అది రెబెకా గొంతు.