మనిషి దిగాక తీసిన కొలత

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందు గదిలో మిషను దగ్గర నాన్న. ఆయన బళ్ళకు సీటు కవర్లు కుడతాడు, ఆ గదే ఆయన పని గది. వంటింట్లో అమ్మ. కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ. తమ ఇంటి పైకప్పు కారుతోందని, నాలుగు రోజులు ఉండి వెళ్తామని వచ్చి, పైకప్పు బాగయ్యాక కూడా కదలని అక్కా బావా. గుమ్మం దగ్గర నేను. నన్ను లెక్కలో వేసుకున్నది నేనొక్కదాన్నే.

గుమ్మం బయట నా సైకిలు. చిన్నది, మధ్యకు మడత పడేది. చక్రాలు అన్నం తినే కంచం కన్నా కాస్త పెద్దవి, అంతే. బావ పార్సిళ్ళు ఇచ్చి వచ్చే పని చేస్తాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన సైకిలును తన బండి వెనక కట్టి తెచ్చాడు. అప్పటినుంచి నేను ఎక్కినప్పుడల్లా "నేను తెచ్చిన సైకిలు" అని గుర్తు చేస్తూనే ఉన్నాడు. దాని తుప్పు గీకింది నేను, గొలుసుకు నూనె పెట్టింది నేను, మోకాళ్ళు చీరుకుపోయేలా నేర్చుకుంది నేను. అవి ఎవరికీ గుర్తు లేవు.

మర్నాటినుంచి నా కొత్త చదువు. మా ఊళ్ళో బడి పదో తరగతితో అయిపోతుంది. పై చదువు వంతెన అవతల పట్నంలో. దారిలో పొలాలే తప్ప ఒక్క కొట్టు లేదు. వానొస్తే నిలబడడానికి చూరు లేదు. టైరు పంక్చరైతే అతికేవాడు లేడు. అందుకని అమ్మ ఒక షరతు పెట్టింది. పుస్తకాలు ఎటూ భుజాన ఉంటాయి. రెయిన్ కోటు, గాలి పంపు, పంక్చరు సామాను, నీళ్ళ సీసా మాత్రం ఎప్పుడూ సైకిలు మీదే ఉండాలి, వాటికి గట్టి సంచి ఒకటి కుదరాలి. కుదరకపోతే బావ బండెక్కి వెళ్ళాలి.

ఊళ్ళో పార్సిళ్ళు ఇచ్చుకుని బావ పట్నం చేరేసరికి రెండో పీరియడ్ నడుస్తూ ఉంటుంది. అంటే రోజూ తరగతి గది గుమ్మంలో నిలబడి, అందరూ తిరిగి చూస్తుండగా, "లోపలికి రావచ్చా" అని అడగాలి. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదని ఇంట్లో అందరికీ తెలుసు. దాని మీద జోకులేస్తారు కూడా. అలా పది రోజులు నిలబడితే పదకొండో రోజు నేను చదువు మానేస్తాను. అది మాత్రం నాకొక్కదానికే తెలుసు.

ఎలాంటి సంచి కావాలో కూడా నాకు తెలుసు. సెలవులంతా ఆ సైకిలు తొక్కినదాన్ని నేనే కదా. చిన్న సంచి. ముందు వైపు. హ్యాండిల్‌కు కాదు, దాని కింద, హ్యాండిల్ తిప్పినా తిరగని లావు గొట్టానికి కట్టేది. ఇంత చిన్న చక్రాలతో హ్యాండిల్ మీద బరువు పెడితే సైకిలు మేకపిల్లలా పక్కకు లాగేస్తుంది. సంచి లోపల జిప్పుతో ఒక అర. ఆ అరలో ఏం పెట్టుకుంటానో అమ్మకూ అక్కకూ నేను చెప్పకుండానే తెలియాలి.

చెప్పాను కూడా. నేను చెప్పడమంటే, అందరూ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో "ముందు వైపు..." అని ఆగిపోవడం.

"బుట్ట పెట్టించు నాన్నా," అంది అక్క. "తెల్ల బుట్ట. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది."

"బుట్టలో పెట్టిన రెయిన్ కోటుకి గొడుగెవరు పడతారే?" అన్నాడు బావ. "నా మాట వినండి మావయ్యా. నా వీపు మీద ఉంటుందే పెట్టె, అలాంటిది ఒకటి ఇప్పించండి. మరదలు పిల్ల మాట్లాడాల్సి వస్తే అందులో దూరి మూత వేసుకుంటుంది."

అందరూ నవ్వారు. అమ్మ కూడా.

"ఎందుకొచ్చిన పెట్టెలురా," అంది నాయనమ్మ నాన్నతో. "గుడ్డసంచి చాలదూ? మీ నాన్న దాన్నే హ్యాండిల్‌కి తగిలించుకుని ఊళ్ళన్నీ తిరిగాడు."

"తిరిగి తిరిగి, అది చక్రంలో ఇరుక్కుని పళ్ళు రాలగొట్టుకున్నాడు కదమ్మా," అన్నాడు నాన్న.

"రెండే," అంది నాయనమ్మ.

నాన్న కత్తెర పక్కన పెట్టి లేచాడు. ఆయన లేచాడంటే ఇంకెవరూ మాట్లాడడానికి లేదు. "సీట్లు కుట్టే ఇంట్లో పుట్టి సంచి కోసం ఊరి మీద పడతామా? వెనక క్యారియర్‌కి అటొకటి, ఇటొకటి. జంట సంచి. పదేళ్ళయినా చెక్కుచెదరదు."

"ముందు వైపైతే..." అన్నాను.

"అన్నీ ముందే పెడితే వెనక క్యారియర్ దేనికమ్మా, అలంకారానికా?"

"లోపల ఒక అర..."

"అర దేనికి?"

నాన్న నా వైపు చూశాడు. బావ కూడా చూశాడు. మగవాళ్ళ ముందు చెప్పే మాట కాదది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది గానీ అమ్మ నోట మాట రాలేదు. అక్క తన గోళ్ళు చూసుకుంటోంది.

"ఏం లేదు," అన్నాను.

కనీసం చేసి చూపిద్దామని వెళ్ళి సైకిలెక్కి కూర్చున్నాను. ఒక కాలు పెడలు మీద పెట్టి వెనక్కి తిప్పాను. మడమ ఎక్కడికొస్తుందో నాన్న చూస్తాడనుకున్నాను.

"దిగు, దిగు," అన్నాడు. "మనిషి ఉండగా కొలత తీస్తారా ఎక్కడైనా?"

ఇది మా ఇంట్లో పుట్టినప్పటినుంచి వింటున్న మాట. మనిషి కూర్చుంటే సీటులో స్పాంజి అణుగుతుంది. అప్పుడు కొలిస్తే కవరు బిగుతైపోయి కుట్లు పిగిలిపోతాయి. అందుకే ఏ బండి వచ్చినా నాన్న మొదటి మాట "దిగండి". కారులో ఎంత పెద్దమనిషి వచ్చినా దిగి పక్కన నిలబడాల్సిందే. సీటుకు అది నిజమే. సంచిలో స్పాంజి ఎక్కడుంది? ఈ మాట అప్పుడు నా నోట రాలేదు. దిగి గోడ పక్కన నిలబడ్డాను. నాన్న సైకిలుకు స్టాండు వేసి, క్యారియర్‌కు అటూ ఇటూ టేపు జార్చి, సుద్దతో గీతలు గీసుకుని, నన్ను పక్కకు తప్పుకోమని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి సంచి తయారైంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. నల్ల రెక్సిన్, అంచులకు ఎర్ర పైపింగు, కారు బెల్టుతో పట్టీలు, రెండు వైపులా రెండు బకిళ్ళు. కుట్టు గీత గీసినట్టుంది. నాన్న దాన్ని క్యారియర్ మీద వేసి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారు. చిన్న సైకిలుకు ఆ సంచులు ఏనుగు చెవుల్లా వేలాడుతున్నాయి, అడుగు నేలకు జానెడు ఎత్తులో. లోపల అర లేదు.

నా సామాను ఇంకా పెట్టనేలేదు, మిగతావాళ్ళు మొదలుపెట్టారు. నాయనమ్మ మాత్రల చీటీ ఇచ్చింది. అక్క, "పట్నంలో మ్యాచింగు చూసి రావే" అని తన జాకెట్టు గుడ్డ కూరింది. బావ ఒక పార్సిల్ తెచ్చి అడుగున సర్దాడు. "వంతెన దిగగానే మూడో ఇల్లు. నీ దారే కదా మరదలా, పుణ్యముంటుంది." చివరికి నా రెయిన్ కోటు పెట్టబోతే మూత పడలేదు.

"దాన్ని తొడుక్కుని వెళ్ళు," అన్నాడు బావ. "వానొస్తే తీసే పనుండదు."

అందరూ చూస్తుండగా ఒక రౌండు వేసి రమ్మన్నాడు నాన్న. ఎక్కాను. మొదటి తొక్కుకే మడమ సంచికి కొట్టుకుంది. కాలు ముందుకు జరిపి పాదం మధ్యతో తొక్కాను, బలం చాలలేదు. మలుపు దగ్గర సైకిలు ఒరిగింది. సంచి అడుగు రాయికి తగిలింది, తడబడి కాలు వెనక్కి పోయింది, మడమ పట్టీలో ఇరుక్కుంది. మోచెయ్యి నేలకు రాసుకుపోయింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. నాన్న వంగాడు. వంగి సంచిని దులిపాడు. ఎర్ర పైపింగు గీసుకుపోయిందేమోనని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

అది చూశాక నాకు చెయ్యి మంట తెలియలేదు. ఇంకో మంట అంటుకుంది.

"మడమ తగిలింది," అన్నాను.

"తొక్కడం రాదు గానీ సంచికి పేరు పెడుతుంది," అన్నాడు బావ. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పోనీలెండి మావయ్యా, రేపటినుంచి నా బండి వెనకే కూర్చుంటుంది. సంచి నా బండికి వేస్తాను. సరిగ్గా సరిపోతుంది, చూడండి."

"ఆ సైకిలే చిన్నది," అన్నాడు నాన్న. "దానికింక మంచి సంచి ఏం నప్పుతుంది?"

లోపల అమ్మ మోచెయ్యి కడిగింది. "నాన్న రోజంతా కూర్చుని కుట్టాడు. ఇప్పుడేం అనకు, మనసు కష్టపెట్టుకుంటాడు."

"నాకు మడమ తగిలిందమ్మా."

"తెలుసు లేవే," అంది అమ్మ.

తెలుసట! తెలిసే, గరిటె ఆపి ఊరుకుంది. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. ఎవరైనా బతిమాలితే ఏడుపొచ్చేదేమో. ఎవరూ బతిమాలలేదు, కోపం అలాగే నిలిచింది.

తెల్లవారుతుండగానే ముందు గదిలోకి వెళ్ళాను. సెలవులంతా నాన్న పక్కన కూర్చుని పైపింగు తిప్పినదాన్ని, పట్టీలకు కుట్టు వేసినదాన్ని. కుట్లు విప్పే బ్లేడు ఎక్కడుంటుందో నాకు తెలుసు. జంట సంచిని నడుమ విప్పాను. ఒక సంచిని సగానికి కోసి పొట్టి చేశాను. మిగిలిన రెక్సిన్‌తో లోపల అర కుట్టాను, జిప్పుతో సహా. కారు బెల్టు రెండు ముక్కలు చేసి, గొట్టం చుట్టూ తిప్పి బిగించేలా పెట్టాను. కొలత తీసేటప్పుడు సైకిలు మీదే కూర్చున్నాను. ఒక చేత్తో టేపు పట్టుకుని, మోకాలు పైకి లేపి చూసుకుని, సుద్దతో గీసుకున్నాను. మిషను చప్పుడుకు నాయనమ్మ లేచి కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

అక్క జాకెట్టు గుడ్డ, బావ పార్సిల్ మంచం మీద పెట్టాను. మాత్రల చీటీ ఉంచుకున్నాను. రెయిన్ కోటు, పంపు, పంక్చరు సామాను, నీళ్ళ సీసా పట్టాయి. అరలో పెట్టుకోవాల్సింది పెట్టుకున్నాను. వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగి వచ్చాను. మడమ దేనికీ తగల్లేదు.

వచ్చేసరికి అందరూ లేచి ఉన్నారు. మిగిలిన ఒంటి సంచిని నాన్న చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. టేపు ఎప్పటిలాగే మెడలో వేలాడుతోంది.

"ఎవరు కోశారిది?"

"నేనే."

"ఎంత ధైర్యమే నీకు," అంది అక్క.

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది," అన్నాడు బావ. "మావయ్య చేతి పనికి ఊళ్ళో వంక పెట్టినవాడు లేడు. పడ్డది తను, కోసింది సంచినా?"

"నిన్న మద్దెల ఓడే, బావా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనకనుంచి నాయనమ్మ ఫక్కున నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుంది. అదే తప్పయింది. నాన్న మొహం నల్లబడింది.

"ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను. నా కొలత తప్పని ఒక్కడూ అనలేదు. నువ్వంటావా?"

"క్యారియర్ కొలత తప్పలేదు నాన్నా. నన్ను దింపేశావు. నువ్వు కొలిచినప్పుడు దాని మీద ఎవరూ లేరు."

"నాకు నేర్పుతావా?"

"పడితే నా చెయ్యి చూడలేదు. పైపింగు చూశావు."

అమ్మ "ఊరుకోవే" అంటూ ముందుకొచ్చింది. నేను ఊరుకోలేదు. నిన్నంతా ఊరుకున్నాను, అంతకుముందు కూడా ఊరుకున్నాను. అప్పటికింకా లోపలికి వెళ్ళి చెప్పులు మార్చుకోవాలి, అన్నం డబ్బా తీసుకోవాలి. అవేవీ గుర్తు రాలేదు. సైకిలును సరిగ్గా నాన్న ఎదురుగా తిప్పి ఎక్కి కూర్చున్నాను. ఒక కాలు మెట్టు మీద ఆనించాను, ఒక కాలు పెడలు మీద పెట్టాను.

"ఇప్పుడు నేను కూర్చున్నాను. ఇప్పుడు కొలువు నాన్నా."

ఆయన చూపు నా కాలి మీద పడింది. పెడలు వెనక్కి తిప్పాను. మడమ వెనక్కి వెళ్ళింది, నిన్నటి సంచి వేలాడే చోటికి. ఆయన అది చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి దానంతటదే మెడలో టేపు మీదికి వెళ్ళింది. టేపు చివర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు కూడా.

"కొలువు," అన్నాను.

ఆయన వేళ్ళు టేపును వదిలేశాయి. ఒంటి సంచిని చంకలో పెట్టుకుని, వెనకున్న వాళ్ళందరినీ మోచేత్తో లోపలికి నెట్టి, నా మొహం మీదే తలుపు వేసేశాడు.