కెజియా దిగి వెళ్ళిన బండి

నేను ఒక ఎర్ర స్కూటర్ని. రంగు వెలిసింది గానీ, కిక్కు కొడితే ఇప్పటికీ ఒక్క దెబ్బకు లేస్తాను. చక్రాలు బిగించిన రోజు నుంచీ నాకున్న ఆత్రమల్లా ఒకటే, పరుగెత్తాలి. నా ఖర్మకి మొదటి యజమాని రామచంద్రపురంలో ఇన్సూరెన్సు ఏజెంటు. దూరాన మేక కనిపించినా బ్రేకేసి, అది రోడ్డు దాటేదాకా హారన్ కొట్టేవాడు. ఊళ్ళోవాళ్ళకి ప్రమాదాల గురించి చెప్పీ చెప్పీ తనకే భయం పట్టుకుని, చివరికి నన్నమ్మేసి బస్సెక్కాడు.

కొన్నది కాకినాడలో బేకరీలో పనిచేసే జెమీమా. తనకోసం కాదు, చెల్లెలు కెజియా కోసం.

కెజియా నర్సు. బస్సు బోల్తాపడి నడుం దెబ్బతింటే నొప్పికి ఇంజెక్షన్లు వేశారు. నొప్పి పోయింది, ఇంజెక్షను మాత్రం ఆమెను వదల్లేదు. ఉద్యోగం ఊడింది. స్నేహితులు ఫోను ఎత్తడం మానేశారు. అక్కే ఆమెను మత్తు అలవాటు మాన్పించే కేంద్రంలో చేర్చి, కోలుకున్నాక ఇంటికి తెచ్చుకుంది. ఊరికే కూర్చుంటే మనసు మళ్ళీ అటే లాగుతుందని, బండి నేర్చుకోమని నన్ను ఎదురుగా నిలబెట్టింది.

మొదట్లో ఆ పిల్ల చేతులు వణికితే నా హ్యాండిలూ వణికేది. నెమ్మదిగా ఆ వణుకు పోయింది. ఇక చూడండి మా పరుగు! ఉప్పాడ రోడ్డులో ఒకచోట అలలు రాళ్ళకు కొట్టుకుని రోడ్డు మీదికి ఎగిరిపడతాయి. కెజియా కాస్త ఇవతల ఆగి, ఒక అల పడి ఇంకోటి లేచేలోపు యాక్సిలరేటర్ తిప్పేసేది. ఒక్కోసారి మేం గెలిచేవాళ్ళం, ఒక్కోసారి సముద్రం. తలనుంచి పాదాల దాకా తడిసి ఆమె పకపకా నవ్వుతుంటే, ఇంజనున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

కొత్తపల్లిలో ఒక డాక్టరమ్మ సంగతంతా తెలిసే ఆమెను క్లినిక్కులో నర్సుగా పెట్టుకుంది. మందుల బీరువా మాత్రం తనే తెరిచేది. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే కెజియా ఆకుపచ్చ చున్నీ వేసుకుని, ఇడ్లీ సగంలో వదిలేసి లేచింది.

"ఇవాళ్టి నుంచి బీరువా తాళం నా దగ్గరే ఉంటుందక్కా. డాక్టరమ్మే అంది."

జెమీమా చెల్లెలి చున్నీ చక్రంలో పడకుండా వెనక ముడేసింది, అంతే.

ఆవేళ అల మమ్మల్ని గెలిచింది. కెజియా నవ్వుతూనే పడవల దగ్గర ఆగి ముఖం తుడుచుకుంటోంది. ఇంతలో వెనకనుంచి ఎవరో ఆడగొంతు ఆమెను పేరుపెట్టి పిలిచింది. ఆమె నాకు స్టాండు వేసి అటు నడిచింది. నా ముఖం సముద్రం వైపుంది. అద్దాల నిండా ఉప్పునీళ్ళు. సరుగుడు చెట్ల వైపు కదిలిన ఆకుపచ్చ రంగు తప్ప నాకింకేమీ కనిపించలేదు.

ఆమె తిరిగి రాలేదు.

క్లినిక్కు నుంచి ఫోను వెళితే, మధ్యాహ్నానికి జెమీమా పరుగెత్తుకొచ్చింది. జాలర్లు పడవలేసుకుని వెతికారు, కుర్రాళ్ళు సరుగుడు తోటంతా గాలించారు. చెప్పు ముక్క కూడా దొరకలేదు. నన్ను పోలీస్ స్టేషన్‌కి తోలుకెళ్ళి అక్కడే ఉంచుకున్నారు. అక్కడ ఎస్సై మంచిగానే మాట్లాడాడు. అలవాటున్న పిల్లలు ఇలా వెళ్ళిపోవడం మామూలేనని, డబ్బు అవసరమైనప్పుడు వాళ్ళే వస్తారని చెప్పాడు.

"అలవాటున్న పిల్ల కాదు సార్, మానేసిన పిల్ల. అలా రాయండి" అంది జెమీమా.

ఆయన రాశాడో లేదో నాకు తెలీదు. ఆ ఆడగొంతు సంగతి చెబుదామంటే నాకు హారన్ తప్ప నోరేదీ? మనుషులకు నోరుంది. ప్రేమించి పారిపోయిందని ఒకరు, సముద్రంలో దూకిందని ఇంకొకరు చెప్పుకున్నారు. ఏమీ చూడనివాళ్ళందరికీ అంతా తెలుసు.

స్టేషన్ నుంచి విడిపించాక జెమీమా నన్ను నడపడం నేర్చుకుంది. ఫలానాచోట కనిపించిందని ఫోను వస్తే చాలు, కెజియా ఫొటో పట్టుకుని బయల్దేరేవాళ్ళం. ఒకసారి తుని రైల్వే స్టేషన్లో అచ్చం అలాంటి పిల్లే ఉందన్నారు. హైవే మీద లారీలను దాటుకుంటూ ఎలా పోయాం అనుకున్నారు! అన్నవరం కొండ పక్కనే వెళ్ళినా జెమీమా తల తిప్పలేదు. ఈసారి దొరుకుతుంది, దొరికిపోతుంది అని నా ఇంజనంతా ఒకటే మోత.

దొరికింది, కానీ కెజియా కాదు. వేరే ఎవరో పిల్ల మెట్లమీద ముడుచుకుని వణుకుతోంది. ఆ వణుకేమిటో జెమీమాకు తెలుసు. కాసేపు ఆ పిల్ల పక్కనే కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఏమైనా తిన్నావా?" అని అడిగింది. టీ తాగించి, బన్ను తినిపించి, వెనక సీట్లో కూర్చోబెట్టి, తన నడుం గట్టిగా పట్టుకోమని చెప్పి నేరుగా కేంద్రానికి తీసుకెళ్ళింది. అలా చెల్లెల్ని వెతకబోయి ఇంకో ముగ్గుర్ని తెచ్చింది. అందులో ఒకమ్మాయి ఇప్పుడు అదే బేకరీలో కేకులు చేస్తోంది.

కెజియా మాత్రం ఈరోజు వరకూ దొరకలేదు. కేసు అలాగే ఉంది. మెకానిక్ ఎప్పుడు చూసినా నన్ను పాత ఇనుముకి వేసెయ్యమంటాడు. జెమీమా వినీ విననట్టు ఊరుకుంటుంది.

ఇందాక మళ్ళీ ఫోనొచ్చింది. నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో ముసలివాళ్ళకి సేవచేసే నర్సు ఉందట. తన ఊరేదో చెప్పదట. జెమీమా చేతులకంటిన మైదాపిండి కడుక్కోకుండానే వచ్చేసింది. ఎప్పటిలాగే ఒక హెల్మెట్ తలకు పెట్టుకుని, రెండోది నా హుక్కుకు తగిలించింది.

కిక్కు కొట్టింది. ఒక్క దెబ్బకే లేచాను.